మట్టికుండయు, మా కంప్యూటరును

పాఠశాల పత్రికకు ఏదైన వ్రాసి పంపుడని మా పూర్వపు ఉపాధ్యాయులు కబురు చేసినప్పుడు, మేమిరువురము అన్నదమ్ములము చాలదినములు తటపటాయించితిమి. పద్యవిద్య మాకు అలవడలేదు. దేశాటనము చేసినవారము కాము. మాకు తెలిసినవి రెండు యంత్రములు మాత్రమే. ఒకటి మా నాయన నడుపు సాంచా. రెండవది, విడిభాగములు కొనితెచ్చి మేము ఇంటిలో కూర్చుకొనిన కంప్యూటరు. దానిని, చేసినవారు నిర్ణయించిన వేగమునకు మించి నడిపింపవలెనను వెర్రి 2019వ సంవత్సరపు వేసవిలో మమ్ము పట్టుకొన్నది. ఈ వినోదమునకు ఓవర్‌క్లాకింగు అని పేరు. దాని మూలమున మా ఇంట జరిగిన సంగతులను దాచక ఇందు వ్రాయుచున్నాము.

మా ఇల్లు షోలాపురమునకు తూర్పున, అశోక్ చౌకు దాపున నున్న నేతపేటలో కలదు. మన పెద్దలు తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని వచ్చి నిలిచిన పేటలలో అదియు నొకటి. ముందరి గది మాది. వెనుక గోడకు ఆవల యజమాని కారఖానా. రెంటికిని రేకుల కప్పే. వైశాఖమాసములో ఊరిలో 42, 43 డిగ్రీల ఎండ కాయునప్పుడు ఆ రేకుల క్రింద ఎట్లుండునో ఈ పత్రిక చదువువారికి మేము వర్ణించి చెప్ప నక్కరలేదు. గాలిలో ఎల్లప్పుడును నూలు నూగు తేలుచుండును. అన్నపు పళ్ళెరముపై మూత తీసిన క్షణములో నూగు వాలును. కంప్యూటరుపై వాలుటలో వింత యేమి?

ఆ యంత్రమును మేము కొన్నది జకార్డు నమూనాలు గీయుటకు. టవలు అంచుమీది పూవును తెరపై చిన్న గళ్ళుగా గీసినచో, ఆ గడి నిండియున్నచోట పడుగుపోగు లేచును, ఖాళీయైనచోట లేవదు. ఆ లెక్కను బట్టి అట్టలకు రంధ్రములు పడును. ఫ్రాన్సుదేశములో జకార్డు అనువాడు 1804లో ఈ అట్టల మగ్గమును సిద్ధపరచగా, ముప్పది యేండ్ల పిమ్మట ఇంగ్లండులో బాబేజి తాను తలపోసిన గణకయంత్రమునకు ఆ అట్టలనే వాడదలచెను. కావున కంప్యూటరు మన పేటకు దూరపు చుట్టమే. నమూనాకు ఇంతయని కూలి దొరకుచుండుట చేత మా ఫీజులు గడచుచుండెను. అయితే నమూనాలు గీయుటకు దానిని అంత వేగముగా తోలవలసిన పని లేదు. నిజము చెప్పవలెనన్న, ఆటల కొరకును, స్నేహితులయెదుట గొప్ప కొరకును మేము ఆ పనికి పూనుకొంటిమి.

ఇందలి కిటుకు సాంచా ఎరిగినవారికి సులభముగా తెలియును. మోటారుకు పెద్ద పుల్లీ తగిలించినచో సాంచా వేగము హెచ్చును గదా! ప్రాసెసరులోను అంతే. మదర్‌బోర్డు సెకనుకు పదికోట్ల మారులు ఒక తాళము కొట్టుచుండును. ఆ తాళమును ప్రాసెసరు ఒక సంఖ్యతో హెచ్చవేసికొనును. మా రైజెన్ 3 1200 అను ప్రాసెసరు 2017లో వచ్చినది. దాని మొదటి సంఖ్య 31, అనగా సెకనుకు 310 కోట్ల తాళములు. ఆ సంఖ్యను మార్చుకొను స్వేచ్ఛను చేసినవారే ఇచ్చిరి. 1998లో సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరుకు ఈ స్వేచ్ఛ లేకున్నను, జనులు సంఖ్యను విడిచి మూలతాళమునే 66నుండి 100కు పెంచి, 300 మెగాహెర్ట్జుల దానిని 450కి పరుగెత్తించిరి. 2022 డిసెంబరులో ఒక స్వీడను దేశీయుడు ద్రవ హీలియమును పోసి, సున్నకు 269 డిగ్రీలు దిగువనుండు ఆ చలిలో, మొదటిసారిగా 900 కోట్లు దాటించెను. ఆ హీలియము మాకెక్కడిది? మేము 38 అను సంఖ్యతో తృప్తిపడ నిశ్చయించితిమి.

సంఖ్య మార్చుట రెండు నిమిషముల పని. కష్టమంతయు తరువాతనే కలదు. వేగము పెరిగినచో వోల్టేజిని గూడ పెంచవలెను. లేనిచో యంత్రము తడబడి ఆగిపోవును. పుట్టు వేడిమి వేగమును బట్టి వేగమంతయే పెరుగును గాని, వోల్టేజిని బట్టి దాని వర్గమంత పెరుగును. మేము వేగమును 3.1నుండి 3.8కిని, వోల్టేజిని ఇంచుమించు 1.2నుండి 1.35కును పెంచితిమి. లెక్క కట్టి చూచుకొనుడు: లభించిన వేగము నూటికి ఇరువదిమూడు పాళ్ళు, పుట్టిన వేడిమి మాత్రము ఒకటిన్నర రెట్లకు పైగా.

మరియొక చిక్కు పుస్తకములలో లేదు. పరదేశములలో ఈ ప్రాసెసరులను పరీక్షించువారి గది 22 డిగ్రీలుండును. మా గది 41. ఫ్యాను ఎంత విసరినను గదిగాలికంటె చల్లబరచలేదు. మామూలు వేగమున మా ప్రాసెసరు గదికంటె 35 డిగ్రీలు హెచ్చుగా కాగి 76 వద్ద నిలుచుండెను. ఒకటిన్నర రెట్లు వేడిమి పుట్టగా ఆ 35 కాస్త 54 అయినది. పరదేశపు గదిలో అది 76తో సరిపోవును; మా గదిలో 95. ఆ ప్రాసెసరునకు విధించిన హద్దు సరిగా 95. అచ్చట చేరగానే అది తన్నుతాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనుచుండెను. మేము పెంచుట, అది తగ్గించుట!

తొలుత పెట్టె విప్పి చూచితిమి. ఫ్యాను క్రింది అల్యూమినియపు రేకుల సందులలో నూగు పేరుకొని చిన్న కంబళి నేసినట్లుండెను. పాత పండ్లకుంచెతో దానిని పెరికివేయగానే తొమ్మిది డిగ్రీలు దిగినది. దమ్మిడీ ఖర్చులేని ఈ పనిని నేటికిని ఎనిమిది దినముల కొకమారు చేయుచున్నాము. ఈ పేటలో ఎవరింట కంప్యూటరు ఆగి ఆగి నడుచుచున్నదని విన్నను మేము మొదట అడుగునది ఆ నూగును గూర్చియే.

మిగిలిన వేడిమికి కుండ గుర్తునకు వచ్చినది. వేసవిలో రంజనులోని నీరు గదికంటె చల్లగా నుండుటకు కారణము మన విజ్ఞానశాస్త్ర పాఠములోనే కలదు: మట్టి సూక్ష్మరంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరియగుచు వేడిమిని గొనిపోవును. ఒక లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 24 లక్షల జౌళ్ళు పోవును. షోలాపురపు ఎండ పొడి ఎండ. కూలర్లు ఇచ్చట బాగుగా పనిచేయుటకు అదియే హేతువు. నూరు వాట్ల వేడిమిని పది గంటలు తీసివేయుటకు లీటరున్నర నీరు చాలునని కాగితముపై తేలినది. ఫ్రిజ్జులు బాగుచేయు అంగడిలో పాత రాగి గొట్టపు చుట్టను తెచ్చి పదిహేను లీటర్ల కుండలో దించితిమి. ప్రాసెసరుపై అమర్చు రాగి దిమ్మెను తపాలా మూలమున తెప్పించితిమి. కూలరు పంపును ఒక డబ్బాలో నుంచి, శుద్ధజలము దిమ్మెనుండి చుట్టకును, చుట్టనుండి దిమ్మెకును తిరుగునట్లు చేసితిమి. కుండలోని నీరు వేరు, గొట్టములలోని నీరు వేరు. ఇట్టి పనులు పరదేశపు ఔత్సాహికులు ఇదివరకే చేసిరని పిమ్మట చదివితిమి. వారు ప్లాస్టికు గొట్టపు గోపురములలో నీటిని జల్లుగా రాల్చిరి.

మొదటి గంట మహోత్సవమే. ప్రాసెసరు 64 డిగ్రీలు. రెండవ గంటకు కుండనీరు గోరువెచ్చనయినది. కుండ ఉపరితలము చిన్నది. వేడిమి చేరినంత త్వరగా ఆవిరి పోలేదు. అప్పుడు మాకు తోచిన ఉపాయము అంగడినుండి మంచుగడ్డ తెచ్చి కుండలో వేయుట. పావుగంటలో గొట్టములకు చెమటపట్టి, ఒక నీటిబొట్టు మదర్‌బోర్డునకు జానెడు దూరమున రాలినది. మీట ఎట్లు ఆర్పితిమో మాకే తెలియదు. తరువాత ఆలోచింపగా విషయము బోధపడినది. ఆవిరివలన చల్లబడు నీరు ఆ గాలిలో మంచుబిందువు కట్టునంత చల్లదనమునకు ఎన్నటికిని దిగదు. కుండ తన హద్దు తానెరుగును. మంచుగడ్డకు ఆ హద్దు లేదు.

కుండ విషయమున అన్నిటికంటె పెద్ద ఆటంకము మా నాయనమ్మ. ఆ వేసవిలో మా వీధికి నాలుగు దినముల కొకమారు నల్లా వచ్చుచుండెను. "తాగేటందుకే సాలయి నీళ్ళు. మీ డబ్బకు పోస్తర్రా?" అని ఆమె కుండయెదుట కూర్చుండెను. మావద్ద సమాధానము లేకపోయినది. వీధి చివరి బోరునుండి బిందె మోసికొనివచ్చుటకు ఒప్పుకొంటిమి. బోరునీటి ఉప్పు కుండ రంధ్రములను తెల్లగా పూడ్చివేయుచుండెను. నెలకొకమారు కొబ్బరిపీచుతో తోముట మా వంతు.

ఇంతవరకు జరిగినదానిని మేము నవ్వుచు చెప్పగలము.

ఒకనాటి రాత్రి, చల్లదనము చూచి ధైర్యము కలిగి, ప్రాసెసరును 39కిని, మెమరీ వేగమును 2400నుండి 2933కును పెంచితిమి. ఇరువది నిమిషములు పరీక్షించితిమి. యంత్రము ఆగలేదు, తెర చెదరలేదు. ఆ రాత్రియే యజమాని అడిగిన క్రొత్త అంచు నమూనాను ముగించి అట్టలు కొట్టించుటకు పంపితిమి. ఆ అట్టలు మా నాయన సాంచాకే ఎక్కినవి. నమూనాలో ఒక వరుస కొంతమేర చెడియున్నదని ఎవరికిని తెలియదు. కుచ్చులలో అది మొదట కంటికి ఆనలేదు. మూడు డజన్ల టవళ్ళు దిగి, మడత పెట్టువేళ, ప్రతిదానిపైనను పూవు మధ్యగా అడ్డచార కనబడినది. ఆ వారపు కూలిలో వాటి వెల తగ్గినది. నాయన మూటను ఇంటికి తెచ్చి మా యెదుట పెట్టెను. ఏమియు అనలేదు.

రెండు దినములు మేము నమూనాను ముక్కముక్కగా సరిచూచితిమి. గీసినప్పుడు సరిగానే యున్నది. దాచునప్పుడు చెడినది. సంకేతము ఒకచోటినుండి మరియొకచోటికి పోయి కుదురుకొనుటకు కొంత వ్యవధి పట్టును. అది కుదురుకొనకమునుపే తరువాతి తాళము పడినచో, ఒకటి యున్నచోట సున్నను చదువును. ఇది చెప్పగా నాయన కొంతసేపు ఊరకుండి, "నాడె అవతలి పెట్టెకు చేరకముందే పడుగు మూసుకుంటే ఏమైతది?" అని అడిగెను.

"ఇరుక్కుంటది."

"ఇరుక్కుంటే?"

"సాంచా దబ్బున ఆగుతది."

"మరి మీ డబ్బ ఎందుకు ఆగలే?"

ఆ ప్రశ్నకు మేము సిగ్గుపడితిమి. నాడె పెట్టెకు చేరలేదని తెలియగానే సాంచాను ఆపు ఏర్పాటు, మేము పుట్టకముందునుండియు, గోడకు ఆవలనే పనిచేయుచున్నది. పేకపోగు తెగినను ఆపు ముల్లు వేరుగా కలదు. కంప్యూటర్లలోను ఇట్టి తప్పును కనిపెట్టి దిద్దుకొను మెమరీ కలదు. దానిని పెద్దపెద్ద సర్వర్లలో వాడుదురు. మా చౌక మెమరీకి అది లేదు. అది తప్పును పూవుగా ఎంచి, చక్కగా దాచి, ఆగక ముందునకు పోయినది. అప్పటివరకు మేము వేడిమి అంకెనే చూచుచుంటిమి. ఆ రాత్రి వేడిమి 70 దాటనే లేదు!

నాయన తన సంగతియు చెప్పెను. మేము పసివారమై యున్నప్పుడు, ఒక పండుగ అప్పు తీర్చుటకై ఆయన పెద్ద పుల్లీ తగిలించుకొనెనట. నిమిషమునకు పేకపోగులు పెరిగినవి. పోగులు తెగుటయు పెరిగినది. తెగినపోగు ముడివేయుటకు ఆపిన కాలమును లెక్కింపగా, సాయంకాలమునకు బట్ట మునుపటికంటె గజము తక్కువ. వారము తిరుగక పాత పుల్లీ మరల ఎక్కినది. ఈ కథను మాకు ముందే ఏల చెప్పలేదని అడుగుదుమనుకొని అడుగలేదు. మేము ముందే అడిగియుండలేదు గదా.

ఇప్పుడు మా యంత్రపు సంఖ్య 36. మెమరీ మరల 2400. ఏ మార్పు చేసినను రాత్రియంతయు పరీక్ష నడపి, తెల్లవారిన పిదపనే కూలిపని ముట్టుదుము. దాచిన నమూనాను మరల తెరచి మొదటిదానితో గడిగడికి సరిపోల్చు చిన్న ప్రోగ్రామును వ్రాసికొంటిమి. అదియే మా ఆపు ముల్లు. మీలో ఎవరికైన దానిని చూడవలెనని మనసైనచో సాయంకాలము మా ఇంటికి రండు, కూర్చుండి చూపింతుము. పవరు సప్లై పెట్టెను మాత్రము ఒంటరిగా విప్పకుడు.

కుండ విడువలేదు. దానికి తక్కువైనది ఉపరితలమని చెప్పితిమి గదా. ఆ లోటు తీర్చినది మా నాయన. చెడిన టవలు నొకదానిని తడిపి, కుండకు చుట్టి, కొస నీటిలోనికి వ్రేలాడవేసి, పాత టేబులు ఫ్యానును దానివైపు త్రిప్పెను. కుచ్చుకుచ్చున నీరు ప్రాకినది. 41 డిగ్రీల గదిలో కుండనీరు మధ్యాహ్నమంతయు 29 దాటలేదు. బోరునీటి ఉప్పువలన టవలు ఒక్క వేసవికి మించి రాదు, అట్టవలె బిరుసెక్కును. ఏటేట మరియొకదానిని తీయుచున్నాము. ఇరుగుపొరుగువారికి నేల తుడుచుటకు పంచగా, ఆ మూటలో ఇంకను పదునొకండు టవళ్ళు మిగిలియున్నవి.