చేపల కోసం అలుగు మూస్తే...

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం చేసుకుంటాం కదా! ఈసారి అక్కణ్ణుంచి కారులో గంటన్నర, రెండు గంటలు తూర్పుగా వెళ్ళి సౌత్‌ఫోర్క్ కూడా చూసి రండి.

అక్కడిప్పుడు సరస్సు లేదు. తెగిన కట్ట, మధ్యలో వాగు, అంతే. ఒకప్పుడది పిట్స్‌బర్గ్ శ్రీమంతుల విహార సరస్సు. మట్టికట్ట ఎత్తు 72 అడుగులు. గుర్రపు బగ్గీల దారి కోసం ఆ కట్టని కాస్త తగ్గించారు. అడుగున తూము గొట్టాలు అంతకుముందే ఎవరో తీసేస్తే మళ్ళీ వేయించలేదు. పెంచుకున్న చేపలు బయటికి పోకుండా అలుగుకి ఇనప జాలీలు బిగించారు. సింకు జాలీలో మెతుకులు అడ్డుపడితే ఏమవుతుందో మనకి తెలీదూ?

1889 మే 31న కుంభవృష్టికి ఆ జాలీల నిండా చెత్త పేరుకుంది. నీళ్ళు కట్ట మీదుగా పొర్లి, కట్ట తెగింది. 14 మైళ్ళ దిగువన ఉన్న జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. మొత్తం 2,209 మంది చనిపోయారు. 99 కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు.

మీ ఊరి చెరువుకి పిక్నిక్ వెళ్ళినప్పుడు, క్యారేజీ విప్పేముందు అలుగు దాకా ఓసారి నడవండి. వలలో, తుమ్మకంపో అడ్డుంటే ఊరి పెద్దలకి చెప్పండి. అడ్డు తీయించమనడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు కదా!