అమ్మ కోసం ముప్పై ఫ్రేములు

మా ఇంట్లో కంప్యూటర్ వయసు పన్నెండేళ్ళు. 2013లో అక్క బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొన్నారు. అప్పుడు నేను రెండో తరగతి. ఐ3-3220 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డ్ లేదు. అక్క దాని మీదే ప్రాజెక్టులు చేసి, ఎంఎస్‌కి అప్లై చేసి, డాలస్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత అది నాకొచ్చింది, అక్క పాత సైకిల్ వచ్చినట్టే.

ఈ ఏడాది అక్కకి ఏడో నెల రాగానే అమ్మ పురుడు పోయడానికి అమెరికా వెళ్ళాల్సొచ్చింది. అమ్మకి అదే మొదటి విమానం. నాన్నకి సెలవు దొరకదు, అందుకని ఒక్కతే వెళ్ళాలి. దోహాలో విమానం మారాలి. వీసా ఇంటర్వ్యూకి కూడా భయపడని మనిషి, టికెట్ బుక్ అయ్యాక నిద్రపోవడం మానేసింది. "పైకి వెళ్ళాక ఇంజన్ ఆగిపోతే ఎట్లారా?" అని రోజుకోసారి అడిగేది. నేను గూగుల్ చేసి ఏదో చెప్పేవాణ్ణి. నమ్మేది కాదు.

అప్పుడు నాకో ఐడియా వచ్చింది. నిజం చెప్పాలంటే ఐడియా ఎప్పట్నుంచో ఉంది, సాకు అప్పుడు దొరికింది. పుట్టినరోజు డబ్బులతో సేల్‌లో కొన్న ఎక్స్-ప్లేన్ 11 నా దగ్గరుంది. 2017లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ అది. రెక్కని చిన్న చిన్న ముక్కలుగా లెక్కేసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపిస్తుందో ప్రతి ఫ్రేమ్‌కీ కొత్తగా లెక్క కడుతుంది. కనీసం 8 జీబీ ర్యామ్ కావాలంటుంది. మా కంప్యూటర్‌లో సెకనుకి ఆరు ఫ్రేములు వచ్చేవి. ఇంకో చిక్కేంటంటే, ఫ్రేములు ఇరవై కన్నా తగ్గితే లెక్క తప్పకుండా ఉండడానికి అది కాలాన్నే నెమ్మది చేస్తుంది. మా ఇంట్లో విమానం రన్‌వే మీద ఎడ్లబండిలా నడిచేది.

"అమ్మా, కంప్యూటర్ కొంచెం బాగు చేస్తే విమానం ఎలా ఎగురుతుందో నీకు ముందే చూపిస్తా" అన్నాను. అమ్మ చీటీ డబ్బుల్లోంచి పది వేలు తీసిచ్చింది. పుట్టబోయే పాపకి వెండి గిన్నె కొనడానికి దాచినవి. "వచ్చాక చూసుకుందాంలే" అంది.

ఈసీఐఎల్ నుంచి బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ పార్టులు కొన్నవాళ్ళకి సీటీసీ తెలియకుండా ఉండదు. సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ అడిగాను. అది 75 వాట్లే తీసుకుంటుంది, స్లాట్‌లోంచే కరెంట్ సరిపోతుంది, కాబట్టి మా పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌కి ఇబ్బంది లేదు. ఇంతవరకు నేను తెలివైనవాణ్ణే.

షాపతను "సీపీయూ ఏంది తమ్మీ?" అని అడిగాడు. చెప్పాను. "ముందు ర్యామ్ చూస్కో" అన్నాడు. నేను వినలేదు. ఎందుకంటే అమ్మకి టేకాఫ్ చూపించడానికి కాదు, మిగతా గేములు ఆడుకోవడానికి నాకు ఆ కార్డ్ కావాలి. నాలుగున్నర వేలు ఇచ్చేశాను.

ఇంటికొచ్చి పెడితే ఆరు ఫ్రేములు పదకొండు అయ్యాయి. అంతే.

టాస్క్ మేనేజర్ తెరిచాను. కొత్త కార్డ్ ముప్పై శాతం కూడా పని చేయట్లేదు. ప్రాసెసర్ వందకి వంద. ర్యామ్ నిండిపోయి, పట్టని డేటా హార్డ్ డిస్క్ మీదకి పోతోంది, అదీ వందకి వంద. సెకండ్ ఇయర్‌లో ఆమ్డాల్స్ లా చదివాం గుర్తుందా? 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పింది. మొత్తం పనిలో 40 శాతం ఉన్న భాగాన్ని ఎంత వేగంగా చేసినా, మిగిలిన 60 శాతం అక్కడే ఉంటుంది, కాబట్టి మొత్తం మీద 1.67 రెట్లకి మించి లాభం రాదు. మిడ్‌లో ఆ ప్రాబ్లమ్‌కి నాకు ఫుల్ మార్క్స్. కానీ నాలుగున్నర వేలు ఖర్చుపెట్టే ముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ చూడాలని తట్టలేదు.

ఆ రాత్రి అమ్మ వచ్చి "అయిపోయిందా నాన్నా?" అని అడిగింది. "ఇంకొంచెం ఉందమ్మా" అన్నాను. ఆమె వైపు చూడలేకపోయాను.

మర్నాడు మళ్ళీ అదే షాపు. అతను ఏమీ అనలేదు, కొంచెం నవ్వాడు. ఈసారి తను చెప్పిందే కొన్నాను. మా బోర్డ్‌లోనే సరిపోయే పాత ఐ5-3470 ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్3 ర్యాములు, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఐ3లో ఉన్నవి రెండు కోర్లు, ఇందులో నాలుగు. అన్నీ కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. థర్మల్ పేస్ట్ ఫ్రీగా ఇచ్చాడు.

క్యాబినెట్ విప్పితే పన్నెండేళ్ళ దుమ్ము, రెండు బల్లి గుడ్ల పెంకులు. అన్నీ బిగించి ఆన్ చేస్తే డిస్‌ప్లే రాలేదు, బీప్ బీప్ మంటోంది. నా ప్రాణం పోయింది. చివరికి ర్యామ్ తీసి, దాని పసుపు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే స్క్రీన్ వెలిగింది. సెట్టింగ్స్ మీడియంలో పెట్టాక ముప్పై ఫ్రేములు వచ్చాయి. అరవై కాదు. చాలు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. శంషాబాద్, బోయింగ్ 737. టెర్మినల్ అసలుదానిలా లేదు. "ఇది మన ఎయిర్‌పోర్టేనా?" అంది. రన్‌వే మీద వేగం పెరిగింది, ముక్కు లేచింది. జీ నొక్కాను, చక్రాలు లోపలికి వెళ్ళాయి. "కింద ఏదో విరిగినట్టు చప్పుడొస్తే ఇదేనమ్మా" అన్నాను. కాసేపటికి ఇంజన్ పవర్ తగ్గించాను. హోరు ఒక్కసారిగా పడిపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగిపోయిందా?"

"లేదమ్మా. నేలనుంచి లేవడానికి ఎక్కువ బలం కావాలి. వెయ్యి, పదిహేను వందల అడుగులు దాటాక అంత అక్కర్లేదు, పైలట్లే తగ్గిస్తారు."

"ఇంకోసారి చెయ్యి" అంది. ఆ రోజు తొమ్మిది సార్లు టేకాఫ్ చేశాం. మూడోసారి నుంచి ఆమె తెరవైపు చూడనే లేదు, కళ్ళు మూసుకుని వింటోంది. అమ్మకి కావాల్సింది గ్రాఫిక్స్ కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఏ చప్పుడు ఎప్పుడొస్తుందో తెలిస్తే చాలు. నేను మొదట కొన్న కార్డ్‌కి ఆ చప్పుళ్ళతో పనే లేదు.

దోహాలో దిగి అమ్మ వాట్సాప్ కాల్ చేసింది. క్షేమంగా చేరానని కూడా చెప్పకుండా మొదలుపెట్టింది. "పక్క సీట్లో ఒకావిడ, గుంటూరు నుంచట, ఇంజన్ సౌండ్ తగ్గగానే ఏడుపు మొదలుపెట్టింది. నేనే చెప్పాను, ఏం కాదమ్మా, వాళ్ళే తగ్గిస్తారని. నీకెలా తెలుసని అడిగింది. మా అబ్బాయి నేర్పించాడన్నాను."

ఆ కార్డ్ ముందు ఎందుకు కొన్నానో అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక లింక్ పంపితే తెలుస్తుంది. వెండి గిన్నె మాత్రం నా ఇంటర్న్‌షిప్ డబ్బులతో కొంటాను. అమ్మ తిరుగు ప్రయాణం నవంబర్‌లో. ల్యాండింగ్ కూడా ఒకసారి చూపించాల్సింది కదరా అని అడుగుతోంది.