నాటకమునకు ఎన్ని కాగితములు కావలెను?

మన పాఠశాలలో వార్షికోత్సవము దగ్గఱపడుకొలదిని రెండు పనులు పెరుగుచుండును. ఒకటి నాటకము, రెండవది నాటకమును గూర్చిన కాగితములు. మొదటిదానిని తలిదండ్రులు వచ్చి చూచి సంతోషింతురు. రెండవదానిని ఎవ్వరును చూడరు. అయినను బడి విడిచిన పిమ్మట దొరకు గంటన్నర కాలములో రెండవదియే పెద్దపాలు గొనిపోవుటను ఇరువది యేండ్ల ఉపాధ్యాయవృత్తిలో మేము పలుచోట్ల చూచితిమి. పాట పాడువారు, పద్యము చదువువారు, తెర వ్రాయువారు, దుస్తులు కుట్టువారు, దీపములు చూచువారు, ఇందఱు కూడి ఒక్కటే వస్తువును తయారుచేయవలెను. అందులకు ఎంతమట్టుకు వ్రాతకోతలు అవసరమో మాకు తోచినది ఈ పత్రిక చదువువారికి విన్నవింపదలచితిమి.

శిక్షణ కళాశాల విడిచిన క్రొత్తలో మేము కృష్ణాడెల్టాలోని ఒక పాఠశాలయందు కొంతకాలము పనిచేసితిమి. అచ్చట నాటకమునకు ఏడు ఉపసంఘములుండెను. ప్రతి సంఘమునకు ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక తీర్మానముల పుస్తకము. ఆ యేడు ఆడినది చారిత్రక నాటకము. అందు వృద్ధరాజు పాత్రకు తెల్లగడ్డము కావలసివచ్చెను. గడ్డము ఉడుపు కాదు గనుక అది తమ పని కాదని ఉడుపుల సంఘమువారు తీర్మానించి అలంకరణ సంఘమునకు పంపిరి. వారు ధర కనుగొని ఆర్థిక సంఘమునకు వ్రాసిరి. ఆర్థిక సంఘపు కార్యదర్శి సెలవులో నుండెను. గడ్డము బెజవాడనుండి వచ్చినది. నాటకమైన మూడవనాడు వచ్చినది. ప్రదర్శననాటి రాత్రి పదవ తరగతి బాలుడు మైదాపిండి జిగురుతో దూది అంటించుకొని రంగముమీదికి పోయెను. రెండవ అంకమున ఆ దూది చెమటకు జారి నోటిలో పడెను. సభవారు నవ్విరి. నలువది దినములు తన భాగమును వల్లించిన ఆ బాలుడు మేము అక్కడ నున్నంతకాలము మరల రంగమెక్కలేదు. తీర్మానముల పుస్తకములు మాత్రము ఏడును చక్కగా పూర్తియై తనిఖీకి వచ్చినవారి మెప్పు పొందెను.

ఇందు ఎవరిని నిందింపగలము? అందఱును తమ తమ పని చేసిరి. ఆ బాలుని గడ్డము వంక చూచు పని మాత్రము ఏ సంఘమునకును లేకపోయెను.

మన ప్రాంతపు కళాకారులకు ఇట్టి చిక్కులు లేకపోలేదు. వారు వానిని వేఱువిధముగా విప్పుకొనిరి. పటమటనుండి బందరు రోడ్డున పోయి, పామఱ్ఱు వద్ద చల్లపల్లి త్రోవకు మరలినచో కూచిపూడి వచ్చును. వేదాంతము, చింతా, వెంపటి, పసుమర్తి మొదలగు ఇండ్లపేరులుగల భాగవతులు తరతరములుగా అచ్చటనుండి మేళములు కట్టుకొని ఊరూర నాడిరి. ఆ మేళమునకు సూత్రధారుడే ముఖ్యుడు. అతడు తాళము చేతబట్టి రంగముమీదనే నిలుచును. పాట యెత్తుకొనును, జతులు చెప్పును, పాత్రలతో సంభాషించును. ‘భామాకలాపము’నందు సత్యభామ చెలికత్తెయగు మాధవి కూడ అతడే యగును. తెరవెనుకనుండి చీటీలు పంపు అధికారి యొకడు వారికి అక్కఱలేకపోయెను. ఆజ్ఞ యిచ్చువాడు ఆటలోనే యుండెను గదా!

ఇంకొక విశేషము ప్రవేశ దరువు. ఇద్దఱు తెర పట్టుకొనగా పాత్ర దాని వెనుకనుండి వచ్చి, తా నెవరో, ఎట్టిదానో, పాడుచు నాడుచు తానే చెప్పుకొనును. సత్యభామ తన జడను తెరమీదుగా వ్రేలవేయుట మన జిల్లాలో పెద్దలందఱు ఎఱిగినదే. వచ్చినవారు ఎవరో చెప్పుటకు ఇంకొకడు నిలువబడి చదువ నక్కఱలేదు. నిర్వాహకుని పనిని కళలోనే కలిపివేసిన ఈ యుపాయము మాకు మిక్కిలి గొప్పదిగా తోచును. 1963లో వెంపటి చినసత్యముగారు మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి నృత్యనాటకములను కూర్చిరి. ఆ పద్ధతిలో తాళము రంగము నడుమనుండి ప్రక్కనున్న వాద్యబృందములోనికి పోయినది. అయినను అది ఒక్కరి చేతనే యున్నది.

కాంట్రాక్టు నాటకముల సంగతి మఱింత వింతయైనది. గుంటూరు, కృష్ణా జిల్లాలలో ఒకప్పుడు ఇవి విరివిగా నుండెను. గుత్తదారుడు ఒక యూరినుండి కృష్ణుని, ఒక యూరినుండి అర్జునుని, మఱియొక యూరినుండి దుర్యోధనుని మాటాడుకొనును. వారు సాయంకాలపు రైలునకు దిగి, ముఖమునకు రంగు వేసికొని, రాత్రి తెర లేచువేళకు సిద్ధముగా నుందురు. పూర్వాభ్యాసము లేదు. ఒకే రాత్రి ఒకే పాత్రను ఇద్దఱు నటులు పంచుకొనుటయు కలదు. మొదటి కృష్ణుడు దిగిపోవ రెండవ కృష్ణుడు వచ్చును. అది యెట్లు సాధ్యమయ్యెను? తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములును, చిలకమర్తివారి గయోపాఖ్యానమును, బలిజేపల్లివారి సత్యహరిశ్చంద్రయు నటులకే కాక హార్మోనియము వాయించువారికిని, కడకు చాపలపై కూర్చున్న రైతులకును కంఠస్థములు. ఎదుటివాని పద్యము ఎక్కడ ముగియునో ప్రతివానికిని తెలియును. ఆ పద్యములే వారికి ఒడంబడిక పత్రములు. నాటకముగా చూచినచో వానిలో లోపములు పెక్కు. రాగము సాగదీయుట, ‘వన్స్‌మోర్’ అనగానే చచ్చినవాడు లేచి మరల పాడుట మాకు రుచింపవు. పదిమంది అపరిచితులు కలిసి పనిచేయు ఏర్పాటుగా చూచినచో మాత్రము అంతకన్న తేలికయైన దానిని మేము ఎఱుగము.

సురభివారిది వేఱు త్రోవ. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున, వనారస గోవిందరావుగారి నాయకత్వమున, తోలుబొమ్మలాడించు కుటుంబములు ‘కీచకవధ’ నాడినది మొదలు వారి నాటకము ఇంటిపని యైనది. పురుషులే స్త్రీవేషములు వేయుచున్న దినములలో వారి యింటి ఆడువారే ఆ వేషములు వేసిరి. పగలు తీగలు బిగించి తెరలు కట్టినవాడే రాత్రికి రాజగును. తల్లి రంగమునుండి దిగి బిడ్డకు వేషము వేయును. ఆ కుటుంబములలో నొకరగు రేకందార్ నాగేశ్వరరావుగారికి, అనగా బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ‘మాయాబజారు’న గాలిలో తేలు వస్తువులను చూచి పిల్లలు నోళ్లు తెఱతురు, ఏ తీగను ఎవరు ఎప్పుడు లాగవలెనో చెప్పు కాగితము ఆ తెరవెనుక ఉండదు. పసితనమునుండి తెరవెనుకనే పెరిగినవారికి అది ఏల?

మన బడిపిల్లలు సురభివారి బిడ్డలు కారు. వారికి తరతరముల జ్ఞాపకము కలదు. మనకు ప్రతియేడు క్రొత్తవారు, నలువది సాయంకాలములు. కావున జ్ఞాపకమునకు బదులు మాకు ఒక గోడ కావలసివచ్చెను. నాలుగేండ్లుగా మేడమెట్ల ప్రక్కన పెద్ద అట్ట యొకటి వ్రేలాడగట్టుచున్నాము. నాటకములోని రంగములు ఒక వైపున, ఆ యా రంగమునకు వచ్చువారు, కావలసిన వస్తువులు, పాట, దీపము ఇంకొక వైపున గళ్లుగా నుండును. దారముతో ఒక పెన్సిలు కట్టియుండును. వస్తువును తెచ్చిన విద్యార్థి తానే ఆ గడిలో గీత గీయును. మెట్లెక్కువారు, దిగువారు అందఱును దానిని చూతురు. గీత పడని గడి రెండు దినములున్నచో ఎవరో ఒకరు అడుగక మానరు. నిరుడు కిరీటము గడి ఖాళీగా నుండుట చూచి, నాటకముతో సంబంధమే లేని ఆఱవ తరగతి బాలిక బంగారురంగు కాగితము, అట్టపెట్టెలు ఇంటినుండి తెచ్చి యిచ్చెను. ఆమెకు జాబు వ్రాయవలెనని ఏ సంఘమునకు తోచియుండును?

తాళము పట్టువారు ఒక్కరే. అది మేము కాము. తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె నాటకప్రతిని చేతబట్టుకొని కూర్చుండును. మొదలుపెట్టుట, ఆపుట ఆమె మాట. మేము చెప్పదలచినది ఆమెకే చెప్పుదుము. మొదట కొందఱు ఉపాధ్యాయులు ఇందులకు నొచ్చుకొనిరి. ఒక బాలుడు ఏకకాలమున ముగ్గురు పెద్దల ఆజ్ఞలు విని ఏడ్పుమొగము పెట్టుట తప్పినది చూచి వారును సమ్మతించిరి.

రెండేండ్ల క్రిందట ఉత్సాహముగల తలిదండ్రులు కొందఱు వాట్సాప్‌నందు ఒక బృందము నెలకొల్పిరి. ఒక్క సాయంకాలమే 112 వర్తమానములు వచ్చెను. రంగస్థలమునకు పనికివచ్చినవి మూడు. తక్కినవి నమస్కారములు, పూలబొమ్మలు, అడిగినదే మరల నడుగుటలు. కాగితము లేనంతమాత్రమున కాగితపు పని తీరిపోయినదనుకొనరాదు. ఇప్పుడు దినమునకు ఒక్కటే వర్తమానము, సాయంకాలము ఆఱు గంటలకు, నాటకప్రతి పట్టిన బాలికయే చెప్పగా మేము పంపుదుము.

రెండు కాగితములను మాత్రము మేము తగ్గింపలేదు; తగ్గింపనీయము కూడ. ఒకటి ద్రవ్యపు లెక్క. పద్యములు నోటనుండగా సరిపోవునని తలచినచో, బత్తెము మాటలుకూడ నోటిమాటలుగానే మిగులును. మన రంగస్థలమున రాత్రులెల్ల చప్పట్లు కొట్టించుకొని ముసలితనమున చేతిలో ఏమియు లేక కష్టపడినవారు పలువురు. కనుక ఉడుపులు చూచు విద్యార్థికి మొదటిదినముననే 500 రూపాయలు ఇచ్చి, ఆ మేరకు ఎవరిని అడుగక ఖర్చుపెట్టుమని చెప్పి, రసీదులన్నిటిని ఒక చిన్న పుస్తకమున అంటింపజేయుచున్నాము. రెండవది తలిదండ్రులకు పంపు ఉత్తరము. ఏ దినములందు అభ్యాసము, ఎన్నింటికి విడుతుము, చీకటిపడినచో ఏ బిడ్డను ఎవరు ఇల్లు చేర్తురు అని అందు వ్రాయుదుము. పటమటలంకనుండి వచ్చు బాలికలకు తోడెవరో తేలనిదే నాటకము మొదలుపెట్టము.

ఈ సంవత్సరపు అట్ట ఇదివఱకే మెట్లప్రక్కకు ఎక్కినది. మూడవ రంగమునకు పాత లాంతరు, ఆఱవ రంగమునకు ముదురాకుపచ్చ చీరలు రెండు ఇంకను గీత పడక యున్నవి; ఇండ్లలో నున్నవారు పంపవచ్చును. పెన్సిలు రెండుమార్లు పోయినది. మూడవదానికి తొమ్మిదవ తరగతివారు దారము తీసివేసి సైకిలు గొలుసు కట్టిరి.