ఆధార్ కవరులో దాచుకున్నది

విజయవాడ నుండి మైలవరం చేరి, అక్కడ రెడ్డిగూడెం వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఎక్కేసరికి అస్ర్ నమాజు వేళ దాటింది. దారికిరువైపులా మామిడి తోటలు. ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు డివిజనులోని ఈ మండలానికి మామిడే ఆధారం. కాపు లేని నెలల్లో కూలి వెదుక్కుంటూ పట్నం బాట పట్టేవారూ ఉన్నారు.

నా ప్రక్కన కూర్చున్న సోదరి అటువంటి కుటుంబానికి చెందినదే. విజయవాడలో చిట్టినగర్ కొండ మీద అద్దె గది. భర్త హమాలీ, ఆమె నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. పిల్లవాడు రెడ్డిగూడెంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. 2025 ఆగస్టు 15న ఉచిత ప్రయాణపు ‘స్త్రీ శక్తి’ పథకం మొదలయ్యే వరకు నెలకొక్కసారి మాత్రమే బిడ్డను చూడగలిగేదట. ఇప్పుడు వారం వారం వస్తోంది.

“అయితే ఛార్జీల డబ్బు మిగులుతోందన్న మాట” అన్నాను.

“ఎక్కడ మిగులుద్దక్కా! టికెట్టు లేదుగా, ఇంక నీకు డబ్బులెందుకని మా ఆయన లాగేసుకుంటన్నాడు.”

2024 అక్టోబరులో వచ్చిన మద్యం విధానంతో క్వార్టరు సీసా 99 రూపాయలకే దొరుకుతోంది. ఆమెకు మిగిలిన ఛార్జీ ఎక్కడికి చేరుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాజేసిన సారా వ్యతిరేకోద్యమం మరుసటి ఏడాది సారాను నిషేధింపజేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, 1997లోనే సడలిపోయింది.

స్త్రీ సంపాదించినది స్త్రీకే చెందుతుందని దివ్య ఖుర్ఆన్ ‘అన్ నిసా’ సూరా స్పష్టం చేస్తున్నది. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. మా వీధిలోనే, అయిదు పూటలా అజాన్ వినబడే దూరంలో, కుట్టుమిషను మీద గడించినదంతా భర్త త్రాగుడుకు పోగొట్టుకుంటున్న ఇల్లాలు ఉన్నది. పొరుగువారి హక్కుల గురించి సమావేశాలలో ఎన్నిసార్లు విన్నానో! ఆమె గడప మాత్రం ఇంతవరకు త్రొక్కలేదు.

రద్దీలో తోసుకుంటూ కండక్టరు మా దగ్గరకు వచ్చేసరికి ఊరు సమీపించింది. ఆమె ప్లాస్టిక్ కవరులో నుండి ఆధార్ కార్డు తీసింది. దాని వెనుక మడతపెట్టిన రెండు రెండు వందల నోట్లు.

“దీన్ని మాత్రం ముట్టుకోడక్కా. కార్డు పోతే టికెట్టుకి డబ్బులు ఇయ్యాల్సొస్తదని భయం. పిల్లాడికి చెప్పులు కొనాలి” అన్నది, సున్నా టికెట్టును కూడా ఆ కవరులోనే పెట్టుకుంటూ.