చెప్పుకోవలసిన జబ్బు

ఈ సంచికకు ఏదైనా సాహిత్య వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. ప్రబంధాలలో స్త్రీవర్ణన గురించి వ్రాద్దామని కూర్చున్నాను. మన కవులు నాయిక నడుమును ఉన్నదో లేదో అన్నంత సన్నగా వర్ణించారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఆ పద్యాలను ఇష్టంగా కంఠస్థం చేసినదాన్నే. కాని ఆ నడుముతోనే బిడ్డను, బిందెను, పత్తి మూటను మోసిన స్త్రీకి నలభై దాటాక ఏమవుతుందో నేను చదివిన ఏ ప్రబంధంలోనూ కనిపించలేదు. అందుచేత కలం దారి మార్చుకున్నది. ఇది సభ్యతకు లోపమని తోచిన పెద్దలు మన్నింతురుగాక.

మాది చిలకలూరిపేట ప్రాంతపు నూర్‌బాషా కుటుంబం. తాతల నాడు దూది ఏకడం వృత్తి. దూదేకు విల్లు అటకెక్కిన తరువాత ఇంటిల్లిపాదీ పొలం పనులకు పోయారు. మేము నలుగురం మంత్రసాని చేతిమీదుగా పుట్టినవాళ్లమే. ప్రతి కాన్పు తరువాతా నెల తిరగకుండానే అమ్మ పత్తి తీతకో, సంక్రాంతి దాటితే మిరపకోతకో వెళ్లింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పెళ్లిళ్లకు వెళ్లేది కాదు. బస్సు ఎక్కవలసి వస్తే ఆ పూట మంచినీళ్లు ముట్టేది కాదు. నేను ఇంటర్మీడియట్ చదివే ఏడు నమాజు కూడా మానివేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "నాకు వజూ నిలవదు, పోవే" అన్నది. ఆ మాట నాకు అప్పట్లో అర్థం కాలేదు.

నాకు రెండో కాన్పు అయిన కొన్ని నెలలకు, తరగతిలో పాఠం చెబుతూ గట్టిగా తుమ్మాను. చీర తడిసింది. గంట కొట్టి పిల్లలందరూ వెళ్లిపోయేదాకా బల్ల వెనుక నుంచి కదలలేదు. అమ్మ మాటకు అర్థం ఆ నిలుచున్న చోటనే తెలిసివచ్చింది.

ఒకచోట చూపించుకుంటే, "కాన్పులయ్యాక ఇది మామూలే, సర్దుకుపోవాలి" అని పంపివేశారు. చాలామందికి వచ్చేదన్న మాట నిజమే. సర్దుకుపోవాలన్న మాట మాత్రం నిజం కాదు. తోటి అధ్యాపకురాలు ఒకరు చెప్పగా, ఈ చికిత్సలో శిక్షణ పొందిన ఒక ఫిజియోథెరపిస్టు వద్దకు వెళ్లాను. అక్కడ ఏమి చేస్తారో తెలియకనే మనవాళ్లు వెనుకాడతారు గనుక జరిగింది జరిగినట్లు చెబుతాను.

మొదటి రోజు మందూ లేదు, సూదీ లేదు, ప్రశ్నలే ఎక్కువ. ఎన్ని కాన్పులు, బిడ్డల బరువెంత, మలబద్ధకం ఉన్నదా, దగ్గు ఉన్నదా, బరువులు ఎత్తుతారా అని అడిగింది. ఎన్ని నీళ్లు తాగుతున్నానో, ఎన్నిసార్లు మూత్రానికి వెళుతున్నానో మూడు రోజులపాటు కాగితం మీద వ్రాసి తెమ్మన్నది. తరువాత, "నులక మంచం చూశారు కదా మేడమ్" అంటూ మొదలుపెట్టింది. కటిభాగం అడుగున, ముందున్న ఎముక నుంచి వెనుక తోకెముక దాకా కండరాలు మంచానికి నులక అల్లినట్లు ఉంటాయట. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని మోసేవి అవే. కాన్పులతో, బరువులతో, ఏళ్ల తరబడి ముక్కడంతో ఆ అల్లిక కుంగుతుంది.

పరీక్ష తలుపు మూసిన గదిలో, దుప్పటి కప్పి చేస్తారు. కండరం బలం తెలుసుకోవడానికి, మనం అంగీకరిస్తేనే, తొడుగు వేసుకున్న వేలితో లోపల చూస్తారు. వద్దనే హక్కు మనకున్నది. తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు. నేను మా చెల్లెలిని తీసుకువెళ్లాను.

ఇక వ్యాయామం. మూత్రాన్ని, వాయువును ఒకేసారి ఆపుకొంటున్నట్లుగా ఆ కండరాన్ని లోపలికి, పైకి బిగించాలి. ఊపిరి బిగబట్టరాదు, పొట్ట, తొడలు, పిరుదులు బిగించరాదు. కొన్ని క్షణాలు నిలిపి, అంతసేపూ పూర్తిగా వదలాలి. పూటకు ఎనిమిది, పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ అభ్యాసం చేయరాదు. తుమ్ము వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒక్కసారి బిగించడం అలవాటు చేసుకోవాలి. నీళ్లు తాగడం మానరాదు. మానితే మూత్రం చిక్కబడి బాధ ఎక్కువవుతుంది.

ఇది కొత్త వింత కాదు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ఈ వ్యాయామాల గురించి ప్రకటించాడు. అయితే అందరికీ ఒకే మందు పనికిరాదు. కొందరికి ఈ కండరాలు వదులు కావడానికి బదులు బిగుసుకుపోయి నొప్పి పుడుతుంది. వారికి వదలడం నేర్పుతారు. అందుకే పరీక్ష ముందు, వ్యాయామం తరువాత. మగపిల్లలు ఈ పేజీ తిప్పివేయనక్కరలేదు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పురుషులకూ ఇదే చికిత్స నేర్పుతారు.

నాకు నెల దాటినా మార్పు కనిపించలేదు, విసుగు పుట్టింది. మూడో నెలలో ఒకనాడు తరగతిలో తుమ్మాను, ఏమీ కాలేదు. ఆ ఆదివారమే ఊరికి వెళ్లి అమ్మకు నా సంగతి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకొని, "నీకూనా?" అన్నది. ఇరవై ఏళ్లుగా దాచుకున్నది ఆ రాత్రి బయటపెట్టింది.

వ్యాయామంతోనే పోయే దశ అమ్మకు దాటిపోయింది. గర్భసంచి జారి ఉన్నదని డాక్టరమ్మ చెప్పి, లోపల ఆసరాగా ఒక రింగు అమర్చారు. వ్యాయామాలూ చేయమన్నారు. పూర్తిగా నయమైందని చెప్పను. కాని మూత్రం చాలావరకు నిలుస్తున్నది. నమాజు సంగతి మా ఉర్దూ శాఖలోని ఒక పెద్దాయనను అడిగాను. ఇటువంటి బాధ విడవకుండా ఉన్నవారు ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ చేసుకొని నమాజు చదువుకోవచ్చునని, ధర్మశాస్త్రంలో ఈ సౌలభ్యం ఏనాటి నుంచో ఉన్నదని ఆయన చెప్పారు. అది విని అమ్మ ఏడ్చింది. జబ్బుకు కాదు, అడగకుండా పోగొట్టుకున్న ఏళ్లకు.

విద్యార్థినులారా, రేపు మీరు తల్లులవుతారు. విద్యార్థులారా, మీ ఇంటిలో అమ్మ ఉన్నది. ఆమె పెళ్లికి రానన్నా, ప్రయాణంలో నీళ్లు వద్దన్నా ఒక్కసారి నెమ్మదిగా కారణం అడగండి.

మొన్న రంజాను పండుగ మరునాడు అమ్మ ఒంటరిగా బస్సెక్కి గుంటూరు వచ్చింది. దిగగానే చేతిలోని సీసా నాకిచ్చింది. అందులో నీళ్లు సగానికి పైగా తాగి ఉన్నవి.