ప్లగ్గు విప్పితే జాతకం తెలుస్తుంది!

ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అప్పటికి పుట్టని కుర్రాళ్ళు ఇప్పుడు దానికోసం ఊళ్ళు తిరుగుతున్నారు. ఏ పెంకుటింటి వసారాలోనో గోనెసంచి కప్పి, పైన కోళ్ళు పడుకుంటున్న యమహా ఆర్ఎక్స్ 100 కనిపిస్తే చాలు... 'అమ్ముతారా బాబాయ్ గారూ?' అంటూ అరుగు మీద కూర్చుండిపోతారు. కొత్తగా ఉన్నప్పటి ధరకు ఎన్నో రెట్లు ఇస్తామంటారు. అంతగా ఏముంది దాంట్లో?

కాగితం మీద చూస్తే పెద్దగా ఏమీ లేదు. 98 సీసీ ఇంజిను. 11 గుర్రాల శక్తి. నాలుగు గేర్లు. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. కాకపోతే బండి బరువు వంద కిలోలకు కాస్త అటూ ఇటూ. అదే దాని గుట్టంతా. ఎస్కార్ట్స్ సంస్థ జపాన్ యమహాతో కలిసి 1985 చివర్లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. పొదుపు కావాలనుకున్న తండ్రులు దాన్ని కొన్నారు. పికప్పు కావాలనుకున్న కొడుకులు దీనికోసం అన్నం మానేశారు.

ఆ కొడుకుల్లో కొందరు ఇప్పుడు జుట్టు నెరిసి, ఆదివారం పూట బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు కనిపిస్తారు. లారీల బాడీలు కట్టే సుత్తి చప్పుళ్ళు ఆ రోజు కాస్త తగ్గుతాయి. షట్టరు సగం ఎత్తి ఉంటుంది. లోపల అందరూ బాబాయ్ అని పిలిచే మెకానిక్కు. పక్క షెడ్డులో లేత్ మిషను భాయ్. బయట స్టూళ్ళ మీద బ్యాంకు ఉద్యోగి, బుల్లెట్ మీద వచ్చే లెక్కల మాస్టారు, ఇద్దరు ముగ్గురు డిగ్రీ కుర్రాళ్ళు. ఎవరికీ అక్కడ అర్జెంటు పనేమీ ఉండదు. ఇంట్లో మాత్రం 'బండి రిపేరుంది' అని చెప్పి వస్తారు.

వచ్చీ రాగానే మొదలవుతుంది వేళాకోళం.

''మాస్టారూ, మీ బుల్లెట్ కింద ఆయిలు కారుతోందండీ.''

''కారుతోందంటే లోపల ఉన్నట్టేగా! ఆగిపోయిన రోజు కంగారుపడదాం. అన్నట్టు, నీ బండి వచ్చాక మీ వీధిలో దోమలు పోయాయటగా? మున్సిపాలిటీ వాళ్ళు నీకే జీతం ఇవ్వాలి.''

''పొగంటారేంటండీ, అది సాంబ్రాణి! ఆదివారం ఆదివారం వేస్తాం.''

పైకి ఇదంతా కాలక్షేపంలాగే ఉంటుంది. కానీ ఈ మాటల మధ్యే అసలు సంగతులు దొర్లిపోతుంటాయి. ఎవరు ఏ జెట్టు వేశారు, ఎవరి హెడ్డు ఎంత గీయించారు, ఏ కొట్లో అసలు రింగులు దొరుకుతున్నాయి, ఏ కొట్లో నకిలీ అంటగడుతున్నారు... ఏదీ దాచరు. పచ్చడి కొలతలు అడిగితే ఒక వస్తువు మింగేసి చెప్పే పిన్నిగార్లు లోకంలో ఉన్నారేమో కానీ, ఇక్కడ మాత్రం అడగకపోయినా చెబుతారు. ఒకటికి రెండుసార్లు చెబుతారు.

టూ స్ట్రోక్ ఇంజిన్ మీద ఇంత మోజు ఎందుకంటే, అది చేతికి అందే యంత్రం. ఫోర్ స్ట్రోక్‌లో ఉన్నట్టు వాల్వులు, క్యాములు ఉండవు. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి కన్నాలుంటాయి. వాటిని పోర్టులంటారు. పిస్టన్ పైకీ కిందికీ తిరుగుతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఒక కన్నంలోంచి కాలిన పొగ పోతుండగానే, ఇంకో కన్నంలోంచి తాజా పెట్రోలు, గాలి మిశ్రమం వచ్చేస్తుంది. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తి చేతులు కడుక్కోకముందే రెండో పంక్తి వచ్చి కూర్చున్నట్టన్నమాట. ఆ తోపులాటలో భోజనం చేయని వాళ్ళు కూడా కొందరు బయటికి కొట్టుకుపోతారు. అదే వృథా అయ్యే పెట్రోలు.

అలా పోయేవాళ్ళను గుమ్మం దగ్గర ఆపి లోపలికి తోసేది సైలెన్సరు! పొగతోపాటు వెళ్ళే ఒత్తిడి అల, సైలెన్సరు పొట్ట వెడల్పయ్యే చోట సిలిండర్‌ను ఖాళీ చేయడానికి సాయపడుతుంది. మళ్ళీ సన్నబడే చోట గోడకు తగిలి వెనక్కి వస్తుంది. సరిగ్గా పోర్టు మూసుకునే ముందు చేరిందంటే, బయటికొచ్చిన తాజా మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి నెట్టేస్తుంది. పొట్ట పొడవు కాస్త మారితే అల వేళకు రాదు. అందుకే 'చూడ్డానికి బాగుంది' అని ఏ గొట్టం పడితే అది బిగించిన బండి అరుస్తుందే తప్ప పరిగెత్తదు.

ఈ విద్యకు పదునుపెట్టింది వాల్టర్ కాడెన్ అనే తూర్పు జర్మనీ ఇంజినీరు. రెండో ప్రపంచయుద్ధంలో రాకెట్లు తయారుచేసిన పీనెముండెలో పనిచేసి, తర్వాత ఎంజెడ్ మోటార్‌సైకిళ్ళ కంపెనీలో చేరాడు. చేతిలో డబ్బు లేదు, మంచి సామగ్రి లేదు. అయినా 1961 నాటికి 125 సీసీ ఇంజిను నుంచి 25 గుర్రాల శక్తి రాబట్టాడు. ఆ ఏడాది ప్రపంచ టైటిల్‌కు చేరువలో ఉన్న అతని రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్, స్వీడన్ రేసుకు వెళ్ళి అటునుంచి అటే పారిపోయాడు. భార్యాబిడ్డల్ని ఎవరో కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. అతనితోపాటు ఎంజెడ్ రహస్యాలు జపాన్‌లోని సుజుకికి చేరాయి. 1962లో సుజుకి బండి మీద 50 సీసీ ప్రపంచ విజేత డెగ్నరే! అంత నాటకం నడిచిన విద్య, బెజవాడలో ఒక టీ ఖర్చుకు దొరుకుతోంది. ఆ టీ కూడా ఒక్కోసారి బాబాయే ఇప్పిస్తాడు.

అయితే సలహా ఉచితమే కానీ, దాన్ని పాటించడం ఉచితం కాదు. ఒకరి బండికి అమృతమైన జెట్టు మరొకరి బండికి విషం. కార్బొరేటర్‌లో జెట్టు చిన్నదైతే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ వెళ్తుంది. పికప్పు భలే పెరిగినట్టు అనిపిస్తుంది. అదే మోసం. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కు అందాల్సిన ఆయిలు పెట్రోలుతోపాటే కలిసి వెళ్ళాలి. అది తగ్గి, వేడి పెరిగి, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది. 'ఇంజిన్ సీజైంది' అనేది దీన్నే. డెబ్భైలో పోతుండగా ఇది జరిగితే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. పాత ఆర్ఎక్స్ రైడర్లను గమనించండి... ఎడమచేతి వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటాయి. అది స్టైలు కాదు. ఇంజిన్ గొంతు మారిన మరుక్షణం క్లచ్ నొక్కేయడానికి. ఈమధ్య పెట్రోల్లో ఇథనాల్ కలపడం 20 శాతం దాకా వెళ్ళింది. దాంతో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది కాబట్టి, ఒకప్పుడు కుదిరిన జెట్టును కూడా మళ్ళీ చూసుకోవాల్సిందే.

అందుకే కొత్తగా ఎవరొచ్చి గొప్పలు చెప్పినా షెడ్డులో ఒకటే మాట: ''ముందు ప్లగ్గు విప్పు తమ్ముడూ.'' స్పార్క్ ప్లగ్గు మొన బిస్కట్టు రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా పాలిపోయిందా, ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. ''వందా ఇరవై కొట్టానన్నా'' అన్న కుర్రాడి ప్లగ్గు సున్నం కొట్టిన గోడలా బయటికి రాగానే అందరూ నవ్వుతారు. ''ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే పిస్టన్‌కి నేరుగా స్వర్గం టికెట్టే'' అంటాడు బ్యాంకాయన. ఆ కుర్రాడు ఉడుక్కుంటాడు. కానీ జెట్టు మార్చకుండా మాత్రం ఇంటికి వెళ్ళడు. కోప్పడి చెబితే వినని వయసుకు, నవ్వుతూ చెబితే ఎక్కడం ఇక్కడ కళ్ళారా చూడొచ్చు.

చట్టం సంగతి కూడా వాళ్ళకు తెలియనిది కాదు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రేసు ముచ్చట తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కారీ స్పీడ్‌వేలోనో ట్రాకులున్నాయి. ఆసుపత్రి ముందు నుంచి చెవులు పగిలేలా పోవడానికి సరదా అని పేరు పెట్టడం అన్యాయం. ఆ మాట అనడానికి బాబాయ్ ఏమాత్రం మొహమాటపడడు. సైలెన్సరులో గొట్టం తీసేయమన్నవాళ్ళను ''మీ వీధిలో పరీక్షలు రాసే పిల్లలెవరూ లేరా బాబూ?'' అని అడిగి తిప్పి పంపేస్తాడు.

అలాంటి షెడ్డుకు ఒక ఆదివారం ఓ ఇంజినీరింగ్ కుర్రాడు తండ్రి బండి తీసుకొచ్చాడు. 1994 మోడల్. తండ్రి పెళ్ళికి ముందు కొనుక్కున్నది. మోకాళ్ళ నొప్పులతో కిక్కు కొట్టలేక కొడుక్కి ఇచ్చేశాడు.

''బాబాయ్, పోర్టింగ్ చేయించాలి. పికప్పు సరిపోవట్లేదు.''

బాబాయ్ బండిని ఒక చుట్టు నడిపి వచ్చాడు. ''కంపెనీ వాడు పదకొండు గుర్రాలిచ్చాడ్రా. నీ దాంట్లో ఏడే మిగిలాయి. ముందు ఆ నాలుగూ ఎటు పోయాయో వెతుకుదాం. కొత్తవి తర్వాత కొనుక్కుందువుగాని.''

ఆ నాలుగూ పోయే దారులు అందరికీ తెలిసినవే. సైలెన్సరులో పేరుకున్న మసి, ఏళ్ళ తరబడి దులపని ఎయిర్ ఫిల్టరు, ఎండిపోయిన చైను, పట్టుకుపోతున్న బ్రేకు, అరిగిన రింగులు. వీటికి పెద్ద ఖర్చుండదు. పోర్టింగ్ అలా కాదు. ఆకురాయితో ఒక్కసారి రాసిన లోహాన్ని మళ్ళీ అతికించలేరు. బోరుకైనా లెక్కుంది... పావు మిల్లీమీటరు చొప్పున పిస్టన్ సైజు పెంచుకుంటూ నాలుగుసార్లు చేయించొచ్చు. ఈ బ్లాకుకు అప్పటికే రెండు అయిపోయాయి.

సరే, హెడ్డు విప్పారు. బ్లాకు లేపారు. బాబాయ్ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. భాయ్‌ని పిలిచాడు. భాయ్ వేలుపెట్టి తడిమి నవ్వాడు. పొగ పోయే పోర్టు పై అంచున ఆకురాయి గీతలు! ఎప్పుడో, ఎవరో, చేత్తో రాసినవి.

''ఏరా, దీనికి పోర్టింగ్ అయిపోయిందిరా. నువ్వు పుట్టకముందే.''

కుర్రాడు నమ్మలేదు. వాళ్ళ నాన్న రోడ్డు మీద నలభై దాటనివ్వడు. హెల్మెట్ బకిల్ పెట్టకపోతే గేటు తీయడు. అక్కడికక్కడే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా ఒక గొంతు... ''తొంభై అయిదులో అనుకుంటా... స్నేహితులతో పందెం... మీ అమ్మ పక్కనే ఉంది, తర్వాత మాట్లాడతా.''

షెడ్డంతా గొల్లుమంది. అంతటితో అయిపోలేదు. పోర్టు పై అంచు ఎత్తు పెంచితే ఇంజిను ఎక్కువ వేగంలో బాగా లాగుతుంది. ప్రతిఫలంగా తక్కువ వేగంలో బలం పోతుంది. అంటే ఒక్కరూ తోలితే ఝుమ్మంటూ పోతుంది. వెనక మనిషి కూర్చుంటే ఫస్టు గేర్లో ఈడుస్తుంది. 1998లో పెళ్ళయింది మొదలు ఆ ఇంట్లో బండి కదలనప్పుడల్లా ఆయన ఒకటే మాట: 'నువ్వు ఎక్కితే ఇంతే!' పండక్కి పుట్టింటికి వెళ్తూ కనకదుర్గమ్మ కొండ దగ్గర ఎన్నిసార్లు దిగి నడిచిందో ఆవిడ. చుట్టాల్లో అదొక జోకు కూడా అయిపోయింది. పాపం, ఆవిడ ఆ మాట నమ్మి కొన్నాళ్ళు రాత్రిపూట అన్నం కూడా మానేసింది.

కుర్రాడు ఇవన్నీ చెబుతుంటే బాబాయ్ పానా కింద పెట్టాడు. ''మీ నాన్న తప్పించుకోలేడ్రా'' అన్నాడు మాస్టారు, మొదటిసారి బుల్లెట్ సంగతి మర్చిపోయి.

మూడు వారాలు వెతికితే, ఎవరూ చేయి పెట్టని అసలు బ్లాకు ఒకటి బ్యాంకాయన స్నేహితుడి దగ్గర దొరికింది. కొత్త పిస్టన్, కొత్త రింగులు వేశారు. కొత్త బ్రేకు షూలు బాబాయ్ అడక్కుండానే వేశాడు. పోర్టింగ్ మాట కుర్రాడు మళ్ళీ ఎత్తలేదు. ట్రయలుకు బ్యాంకాయన్ని, అదీ ఎనభై అయిదు కిలోల మనిషిని, వెనక ఎక్కించుకుని ఫస్టు గేర్లో క్లచ్ వదిలితే బండి కిక్కురుమనకుండా ముందుకు దూకింది.

డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే కుర్రాడి ఫోన్ మోగింది. తల్లి. ఫోన్ బాబాయ్‌కి ఇవ్వమంది.

''అన్నయ్య గారూ... ఆ పాత బ్లాకు పారేయకండి. బాగా తుడిచి మా వాడికిచ్చి పంపండి. మా ఆడపడుచులు వచ్చే వారం వస్తున్నారు.''