ముందు నీటికి దారి

పర్యావరణ పునరుద్ధరణ గురించి చదివేకొద్దీ నాకు ఒకటి బోధపడుతోంది: మొక్క నాటడం ఆఖరి పని. అడవి ఎందుకు పోయిందో తెలుసుకోవడం మొదటి పని.

గోదావరి డెల్టాలోని మడ అడవులనే తీసుకోండి. చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా గుంటపడింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. అందులో మడ విత్తు సైతం నిలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఆటుపోట్లు మళ్లీ లోపలిదాకా సాగాయి. ఉప్పు కొట్టుకుపోయింది. మొలకలు నిలదొక్కుకున్నాయి.

ఐక్యరాజ్యసమితి ప్రకటించిన పునరుద్ధరణ దశాబ్దం 2030తో ముగుస్తుంది. నాటిన మొక్కల లెక్క చెప్పేవారిని ఇకనైనా అడుగుదాం: నేల రోగం కనిపెట్టారా, నీటికి దారి ఇచ్చారా అని.